పెంపకం

తెలుగులో ‘పెంపకం’ అనే మాటకు ఒక విశేషం ఉంది. పిల్లల పెంపకం అంటారు. పశువుల పెంపకం అంటారు. మొక్కల పెంపకం అని కూడా అంటారు. మనిషి బిడ్డకూ, ఆవుదూడకూ, ఆనపపాదుకూ వేరువేరు మాటలు కల్పించవలసిన అవసరం ఈ భాషకు తోచలేదు. మూడూ పెరుగుతాయి, మూడింటినీ ఎవరో ఒకరు పెంచుతారు. వేళకు ఆహారం, నీరు, ఎండవానలకు తగిన మరుగు, వీటన్నిటికీ మించి నిత్యం కనిపెట్టి చూసే ఒక చూపు మూడింటికీ కావాలి. ఒకే గడప లోపల చంటిపిల్లలు, పాడిపశువులు, కూరపాదులు కలసి పెరిగిన జీవితానికి ఈ మాట గుర్తుగా మిగిలింది. ఆ గడపలు నేడు చాలావరకు మారిపోయాయి. మాట మాత్రం నిలిచి ఉంది. దాని వెనుక ఉన్న జీవన విధానం ఎంతవరకు నిలిచి ఉన్నదో ప్రతి కుటుంబమూ ఒకసారి ఆలోచించుకోవలసి ఉన్నది.

రెండు మూడు తరాల క్రితం పల్లెటూరి ఇంటికి ముందు వాకిలి ఎంత ముఖ్యమో వెనుక పెరడు అంత ముఖ్యం. వాడుకనీరు పారే చోట అరటి, చేమ మొక్కలు ఉండేవి. కంచె మీదికి చిక్కుడు, బచ్చలి అల్లుకునేవి. పందిరిపై బీర, పొట్ల పాకేవి. వంటింటి గుమ్మానికి చేరువలో కరివేపాకు, ఓ మూలన మునగ ఉండేవి. ఒక పక్క పశువుల పాక, గంప కింద కోళ్లు, చలివేళ పొయ్యి దగ్గర ముడుచుకునే పిల్లి, గుమ్మం దగ్గర కుక్క. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయల తొక్కలు కుడితి తొట్టిలో చేరి గేదెకు అందేవి. గేదె పేడ ఎరువై పాదులకు చేరేది. చూరుకు వేలాడదీసిన వరికంకుల కుచ్చు పిచ్చుకలకు, వాకిట వేసిన బియ్యపుపిండి ముగ్గు చీమలకు ఆహారమయ్యేవి. కనుమనాడు పశువులను కడిగి, అలంకరించి, మొక్కేవారు. ఈ ఏర్పాటులో పిల్లలు ప్రేక్షకులు కారు. అయిదేళ్ల పిల్ల కోళ్లకు గింజలు చల్లేది. ఎనిమిదేళ్ల పిల్లవాడు దూడను విప్పి తల్లి దగ్గరకు వదిలేవాడు. ఎవరి పని వారు చేయకపోతే నోరులేని జీవి ఆ పూట పస్తుండవలసి వచ్చేది. ఈ సంగతి ఆ పిల్లలకు ఎవరూ ప్రత్యేకంగా బోధించలేదు. ఆకలితో అరిచిన దూడే చెప్పింది.

అయితే ఆ చిత్రానికి మెరుగులు దిద్ది చూపడం సత్యం కాదు. పెరటి చాకిరిలో అధికభాగం స్త్రీల మీద, ఆడపిల్లల మీద పడేది. అన్నకు బడి, చెల్లెలికి పేడ ఎత్తే పని అన్నది చాలా ఇళ్లలో అలిఖిత నియమం. పేదయింటి పిల్లలు ఊరి పశువులను తోలుకొని పొద్దంతా బీళ్లలో గడిపి, పలకాబలపం ఎరుగకుండానే పెద్దవారయ్యారు. అటువంటి పిల్లలను బడికి మళ్లించడానికి రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ 1990లలో పెద్ద ఉద్యమమే నడపవలసి వచ్చింది. ఆ కృషికి నాయకత్వం వహించిన శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది. కనుక పిల్లవాడు పశువును మేపడం దానంతట అదే గొప్ప విషయం కాదు. బడి మానిపించి, బాల్యాన్ని తాకట్టు పెట్టి చేయించే చాకిరి వేరు. చదువుకూ ఆటకూ లోటు రాకుండా, వయసుకు తగినంతగా, ఇంటిలోని ఒక ప్రాణి బాగోగులు చూడడం వేరు. మొదటిది పోవలసినదే. విచారించవలసిన సంగతి ఏమంటే, చాలా ఇళ్లలో దానితోపాటు రెండవది కూడా పోయింది.

1951 జనాభా లెక్కల నాటికి భారతదేశంలో నూటికి 17 మంది పట్టణాలలో నివసించేవారు. 2011 నాటికి ఆ సంఖ్య 31కి చేరింది. చదువు కోసం, ఉద్యోగం కోసం కుటుంబాలు తరలివచ్చాయి. ఆ ప్రయాణంలో పెరడు వెంట రాలేదు. పెరడు స్థానంలో వరండా, వరండా స్థానంలో రెండడుగుల బాల్కనీ మిగిలాయి. ఇల్లు చిన్నదైనకొద్దీ ఇంటిలోని పిల్లవాడి స్థానం పెద్దదైంది. అన్నం కలిపి పెట్టేవారు ఒకరు, పుస్తకాల సంచి సర్దేవారు ఒకరు, బడి బస్సు దాకా దిగబెట్టేవారు ఒకరు. ఆ ఇంటిలో అందరూ కలసి పెంచుతున్నది వాడినే. వాడు పెంచుతున్నది మాత్రం ఏదీ లేదు. ఇది ప్రేమతో జరుగుతున్నదే. అయినా అందులో ఒక లోపం ఉంది. ఎప్పుడూ పుచ్చుకోవడమే తప్ప ఇవ్వడం ఎరుగని బిడ్డకు, తనకు అందుతున్నదాని వెనుక ఎంత శ్రమ ఉన్నదో తెలియదు. ఒక ప్రాణిని స్వయంగా సాకినప్పుడే ఆ శ్రమ విలువ తెలుస్తుంది. పెరుగుతున్న ప్రతి బిడ్డకూ తాను పెంచడానికి ఒక ప్రాణి ఉండాలి. అది కుక్క కావచ్చు, కుండీలోని తోటకూర కావచ్చు. ఇది పిల్లల విద్యలో భాగమే తప్ప ధనవంతుల సరదా అనుకోవడం పొరపాటు.

విద్యావేత్తలు ఈ సంగతిని ఏనాడో గుర్తించారు. జర్మనీలో ఫ్రోబెల్ 1840లో చిన్నపిల్లల బడికి ‘కిండర్‌గార్టెన్’ అని పేరు పెట్టాడు. ఆ మాటకు పిల్లల తోట అని అర్థం. అది అలంకారానికి పెట్టిన పేరు మాత్రమే కాదు. ఆ బడిలో పిల్లలు సాగు చేసుకోవడానికి నిజంగానే చిన్న చిన్న మడులు ఉండేవి. ఇటలీకి చెందిన మరియా మాంటిస్సోరి కూడా తన విద్యావిధానంలో మొక్కల, జంతువుల సంరక్షణకు చోటిచ్చింది. ఆమె 1939లో మద్రాసుకు వచ్చి, రెండవ ప్రపంచ యుద్ధకాలమంతా భారతదేశంలోనే ఉండి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. నేడు వీధివీధినా వెలసిన బడుల ముందు ఈ రెండు పేర్లూ పెద్ద అక్షరాలతో కనిపిస్తాయి. వాటిలో ఎన్నింటి ఆవరణలో పిల్లవాడు తవ్వుకోవడానికి జానెడు మట్టి ఉన్నదో చూసినవారికి పేరుకూ వాస్తవానికీ ఉన్న దూరం అర్థమవుతుంది.

మొక్క పిల్లవాడికి నేర్పే మొదటి పాఠం కాలాన్ని గురించినది. మీట నొక్కగానే బొమ్మ మారే పరికరాల మధ్య పుట్టిన బిడ్డకు, తొందరపెట్టినా కదలని వస్తువు ఒకటి లోకంలో ఉన్నదని తెలియడం అవసరం. మెంతులు చల్లితే రెండు మూడు రోజులలో మొలకెత్తుతాయి. బెండ విత్తితే పువ్వు చూడడానికి దాదాపు నలభై రోజులు పడుతుంది. పూసిన ఆరేడు రోజులలో కాయ కోయాలి. ఏమరుపాటున వదిలేస్తే ముదిరి నారతేలుతుంది. ముందుగా కోసినా లాభం లేదు, ఆలస్యమైనా లాభం లేదు. గుమ్మడి పాదున మగపూలు, ఆడపూలు వేరువేరుగా పూస్తాయని, అడుగున చిన్న పిందెతో పుట్టేదే ఆడపువ్వని, తేనెటీగ వచ్చి వాలితే తప్ప ఆ పిందె నిలవదని పాఠ్యపుస్తకంలో చదివిన పిల్లవాడు పరీక్షలో మార్కులు తెచ్చుకుంటాడు. తన పాదుకు కాసిన పిందెలు రోజూ పండి రాలిపోతుంటే తేనెటీగ కోసం ఎదురు చూసిన పిల్లవాడు ఆ సంగతిని జీవితంలో మరువడు.

తోట కొన్ని చిక్కు ప్రశ్నలు కూడా వేస్తుంది. కరివేపాకు మొక్క ఆకు మీద ఒకనాడు పక్షి రెట్టవంటి మచ్చ కనబడుతుంది. రెండు రోజులు గడిస్తే అది పాకుతుంది. పెద్దదై ఆకుపచ్చరంగు దాల్చి లేత చిగుళ్లను మిగల్చకుండా తినే గొంగళిపురుగు అది. దానిని నలిపివేస్తే మొక్క బతుకుతుంది. విడిచిపెడితే కొద్దిరోజులకు నలుపు పసుపు రంగుల సీతాకోకచిలుక ఎగిరిపోతుంది. పెంచుకున్న మొక్క ముఖ్యమా, దానిని తింటున్న ప్రాణి ముఖ్యమా? ఏడేళ్ల బిడ్డ ఈ ప్రశ్న అడిగినప్పుడు పెద్దలు వెంటనే మందు చల్లకుండా, ఒక రెమ్మను పురుగుకు వదిలి తక్కిన మొక్కను కాపాడే ఉపాయం చెప్పగలిగితే, ఒకరి అవసరానికీ మరొకరి అవసరానికీ మధ్య రాజీ కుదుర్చుకోవడం ఆ బిడ్డకు అప్పుడే పరిచయమవుతుంది.

‘మొక్కై వంగనిది మానై వంగునా’ అన్న సామెతను పిల్లలను దండించడానికి సమర్థనగా వాడేవారు చాలామంది ఉన్నారు. వారిలో తోటపని తెలిసినవారు తక్కువ. లేత తీగను బలవంతాన వంచితే అది విరుగుతుందని తోటమాలికి తెలుసు. అందుకే అతడు ఊతకర్ర నాటుతాడు, పందిరి వేస్తాడు, తీగను మెత్తని నారతో వదులుగా కట్టి, పాకవలసిన దిక్కు చూపి ఊరుకుంటాడు. ఎదుగుదల తీగదే. మొక్కలు పెంచే ఇంటిలో పిల్లలతోపాటు తల్లిదండ్రులు కూడా నేర్చుకోవలసిన పాఠం ఇది.

జంతువు నేర్పే పాఠం ఇంకొక రకమైనది. మొక్క వాడిపోయి తన బాధ చెబుతుంది. దానికి కొంత వ్యవధి ఉంటుంది. జంతువు ఆకలి ఆ పూటదే. దానికి ఆదివారం లేదు, పరీక్షల కాలం లేదు. పైగా జంతువుకు తనదైన ఇష్టం ఉంటుంది. పిల్లి పిలిచినప్పుడు రాదు, రావాలనుకున్నప్పుడు వస్తుంది. కుక్క తింటున్నప్పుడు, నిద్రిస్తున్నప్పుడు, పిల్లలకు పాలిస్తున్నప్పుడు దాని దరికి పోకూడదు. చెవులు వెనక్కు వాల్చినా, తోక ముడిచినా, పళ్లు చూపినా అది ‘నన్ను వదిలిపెట్టు’ అని చెబుతున్నట్లు. మాటలు రాని జీవి మనసును ముఖకవళికలను బట్టి, కదలికను బట్టి గ్రహించడం అలవడిన బిడ్డ, తోటి మనిషి నోరు విప్పి చెప్పుకోలేని బాధను కూడా కొంత గ్రహించగలుగుతుంది. ముద్దు చేయడం ప్రేమలో ఒక భాగమే. ఎదుటి ప్రాణి వద్దన్నప్పుడు చేయి వెనక్కు తీసుకోవడం రెండవ భాగం. ఈ రెండవ భాగం నేర్చుకోక పెద్దవారైనవారి వల్ల సమాజానికి కలుగుతున్న నష్టం అందరూ ఎరిగినదే.

ఇక్కడే ఒక హెచ్చరిక అవసరం. బొమ్మ కొనిపెట్టినట్లు జంతువును కొనిపెడితే పాఠం తలకిందులవుతుంది. పుట్టినరోజు కానుకగా కుక్కపిల్లను తెచ్చే ఆచారం పట్టణాలలో పెరిగింది. కుక్క ఆయుష్షు సాధారణంగా పది నుండి పదమూడు సంవత్సరాలు. అయిదేళ్ల బిడ్డ కోసం తెచ్చిన కుక్కపిల్ల, ఆ బిడ్డ ఇంటర్మీడియట్‌కు వచ్చేసరికి వృద్ధాప్యంలో ఉంటుంది. అంతకాలం దానికి తిండి, టీకాలు, నడక, వైద్యం జరగాలి. ఈ లెక్క వేయకుండా తెచ్చినవారు ఏడాది తిరిగేసరికి దానిని మేడమీద గొలుసుతో కట్టివేయడమో, దూరపు వీధిలో వదిలి రావడమో చేస్తారు. ఆ పని చూసిన బిడ్డ ఏమి నేర్చుకుంటుంది? మోజు తీరిన ప్రాణిని వదిలించుకోవచ్చునని నేర్చుకుంటుంది. ఆ పాఠాన్ని ముందు ముందు ఎవరి మీద ప్రయోగిస్తుందో ఊహించడం కష్టం కాదు.

ఈ విషయంలో చట్టం కూడా స్పష్టంగానే ఉంది. పెంచుతున్న జంతువును ఆకలిదప్పులకు గురయ్యే స్థితిలో విడిచిపెట్టడం, ఎల్లప్పుడూ కట్టివేసి ఉంచే కుక్కకు కదలిక లేకుండా చేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరాలు. ఎనిమిది వారాలైనా నిండని కుక్కపిల్లను అమ్మరాదని 2017 నిబంధనలు చెబుతున్నాయి. పంజరంలోని రామచిలుక ఎన్నో తెలుగు ఇళ్లకు ముచ్చట గొలిపిన దృశ్యం. కాని వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం దానిని పట్టడమూ, బంధించి పెంచడమూ నిషిద్ధం. 1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేర్చిన ప్రాథమిక విధులలో ప్రాణికోటి పట్ల దయ కలిగి ఉండడం ఒకటి. విధులను విద్యార్థులు వరుసక్రమంలో కంఠస్థం చేస్తారు. వాటిలో ఈ ఒక్కదానినైనా ఇంటిలోనే ఆచరించి చూడవచ్చు.

పెంపకం ఎవరి పని అన్నది అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న. కుక్కపిల్ల కావాలని మారాము చేసేది పిల్లలు. మురిసిపోయి తెచ్చేది తండ్రి. వారం తిరగకముందే తెల్లవారుజామున దానిని బయటకు తిప్పేది, అది తడిపిన నేల తుడిచేది, దాని గిన్నె కడిగేది తల్లి. మిద్దె మీద కుండీలు పెట్టించేది ఒకరు, వేసవిలో రెండు పూటలా నీళ్లు మోసేది మరొకరు. జాతీయ గణాంక కార్యాలయం 2024లో జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారం దేశంలో ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు ఆ పనికి వెచ్చిస్తుండగా, పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. చంటిబిడ్డ ఉన్న ఇంటిలో తల్లికి నిద్ర కూడా కరవే. ఆ భారం మీద మరొక ప్రాణిని మోపి, దానికి కుటుంబమంతా జంతుప్రేమ అని పేరు పెట్టుకోవడం న్యాయం కాదు. అటువంటి ఇంటిలో బిడ్డ పెంపకం నేర్వదు. ఆడించడం తన వంతు, ఎత్తిపోయడం అమ్మ వంతు అన్న విభజనను నేర్చుకుంటుంది. ఆడపిల్ల అయితే రేపు ఆ చాకిరిని తన తలరాత అనుకుంటుంది. మగపిల్లవాడైతే అది తన హక్కు అనుకుంటాడు.

కనుక జంతువును ఇంటికి తేవడానికి ముందే ఎవరు ఏ పని చేయాలో కుటుంబమంతా కూర్చొని నిర్ణయించుకోవాలి. పని పంచుకోవడానికి ఎవరూ ముందుకు రాకపోతే తేకుండా ఉండడమే ఆ ప్రాణి పట్ల దయ. నాలుగేళ్ల బిడ్డ నీళ్ల గిన్నె నింపగలదు. ఎనిమిదేళ్ల బిడ్డ ఎండుటాకులు ఏరి ఎరువుకుండలో వేయగలదు. పన్నెండేళ్ల బిడ్డ కుక్కను పెద్దల తోడుతో నడిపించగలదు, టీకా గడువును క్యాలెండరులో గుర్తు పెట్టగలదు. తండ్రి చేతిలో చీపురును చూసిన కొడుకుకు పని పంచుకోవడాన్ని గురించి వేరే ఉపన్యాసం అక్కరలేదు.

చిన్నపిల్లలున్న ఇంటిలో జంతువులూ మొక్కలూ ప్రమాదం కాదా అన్న సందేహం సహజమైనది. దానిని తేలికగా కొట్టివేయరాదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదులోని అంబర్‌పేటలో ఒక పసివాడు వీధికుక్కల దాడిలో ప్రాణాలు కోల్పోయిన ఘటన తెలుగువారందరినీ కలచివేసింది. రేబిస్ లక్షణాలు బయటపడిన తరువాత మనిషి బతకడం దాదాపు అసాధ్యం. కాని అది పూర్తిగా నివారించదగిన వ్యాధి. లూయీ పాశ్చర్ 1885 జూలై 6న కుక్క కరిచిన తొమ్మిదేళ్ల బాలునికి తొలిసారిగా టీకా వేయడం మొదలుపెట్టి కాపాడిన నాటి నుండి దానికి విరుగుడు మనిషి చేతిలో ఉంది. కరిచిన వెంటనే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, ఆలస్యం చేయక ఆస్పత్రికి పోవాలి. కారం, సున్నం అద్దడం హానికరం. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు అన్న పాత భయానికి నేడు ఆధారం లేదు. ఇప్పటి టీకాను చేతికే వేస్తారు. తిడతారేమోనన్న భయంతో కుక్క గీరిన సంగతిని దాచే పిల్లలున్నారు. ఆ మాట దాచవలసిన అవసరం లేని ఇల్లే బిడ్డకు మొదటి రక్షణ.

మిగిలిన జాగ్రత్తలు కూడా తెలుసుకొని పాటించదగినవే. ఇంటి కుక్కకు, పిల్లికి టీకాలు, నులిపురుగుల మందు పశువైద్యుడు చెప్పిన గడువు ప్రకారం వేయించాలి. ఎంత సాధువైన జంతువునైనా పసిబిడ్డ దగ్గర ఒంటరిగా వదలరాదు. మట్టి ముట్టిన చేతులను సబ్బుతో కడిగిన తరువాతే అన్నం ముట్టాలి. డెంగ్యూను వ్యాపింపజేసే దోమ నిలవ ఉన్న మంచినీటిలో గుడ్లు పెడుతుంది. గుడ్డు నుండి దోమ కావడానికి వారం పది రోజులు చాలు. కనుక కుండీల కింది పళ్లేలను, పక్షుల నీటి మూకుడును వారానికొకసారైనా ఖాళీ చేసి రుద్ది కడగాలి. గన్నేరు, ఉమ్మెత్త, ఆముదపు గింజలు, గురివింద గింజలు చూపుకు అందమైనవైనా విషపూరితమైనవి. పాకే బిడ్డ ఉన్న ఇంటి దరిదాపులకు వాటిని రానీయకూడదు. ఇన్ని జాగ్రత్తలు ఎందుకు, అసలు ఏదీ లేకపోతే హాయి కదా అని కొందరు అనవచ్చు. రోడ్డు ప్రమాదకరమని పిల్లలను నడక నేర్పకుండా ఉంచడం లేదు; చేయి పట్టుకొని దాటించి, క్రమంగా దాటడం నేర్పుతున్నారు. ఇదీ అంతే.

స్థలం లేదన్న మాట కొంతవరకే నిజం. కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి హైదరాబాదులోని తన ఇంటి మిద్దె మీద కూరగాయలు పండించి, ‘మిద్దెతోట’ అన్న మాటను తెలుగువారికి దగ్గర చేశారు. మిద్దె లేనివారికి కిటికీ అంచున ఒక కుండీ చాలు. అద్దె ఇంటిలో కుక్కను పెంచడానికి యజమాని ఒప్పుకోకపోవచ్చు. వేసవిలో గోడ మీద పిచ్చుకల కోసం మూకుడుతో నీళ్లు పెట్టడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. పరిమాణం ముఖ్యం కాదు. ఆ కుండీ ఫలానా బిడ్డదని, దాని మంచిచెడులకు ఆ బిడ్డే జవాబుదారీ అని ఇంటిలో అందరూ అంగీకరించడం ముఖ్యం. బిడ్డ మరచిపోయిన రోజున పెద్దలు చాటుగా నీళ్లు పోసి మొక్కను కాపాడితే వారు మొక్కకు మేలు చేసినా బిడ్డకు పాఠం లేకుండా చేసినవారవుతారు. నోరున్న ప్రాణి విషయంలో మాత్రం ఈ ప్రయోగం చేయరాదు. దాని ఆకలిని బిడ్డకు పాఠంగా వాడుకోవడం క్రూరత్వం. అందుకే ముందు మొక్క, ఆ తరువాతనే జంతువు అన్న క్రమం మంచిది.

పెంచిన ప్రాణి ఒకనాడు మరణిస్తుంది. చాలామంది తల్లిదండ్రులు ఈ ఘట్టానికి భయపడతారు. కుక్క ఊరికి పోయిందని, పిల్లిని ఎవరో తీసుకుపోయారని చెప్పి, వెంటనే మరొకదానిని తెచ్చి ఆ లోటు పూడ్చాలని చూస్తారు. దీనివల్ల బిడ్డ రెండు విధాల నష్టపోతుంది. పెద్దలు అబద్ధం చెప్పారని తరువాతనైనా తెలుస్తుంది. ఒక ప్రాణి స్థానంలో మరొకదానిని పెడితే సరిపోతుందన్న భావం నాటుకుంటుంది. నిజం చెప్పి, బిడ్డతో కలసి పెద్దలూ కంటతడి పెట్టి, దానిని మట్టిలో కలిపి, ఆ చోట ఒక మొక్క నాటిన ఇంటిలో దుఃఖాన్ని దాచకుండా దిగమింగకుండా మోయడం అలవడుతుంది. ఏదో ఒకనాడు తాతయ్యనో అమ్మమ్మనో కోల్పోవలసిన బిడ్డకు ఆ అలవాటు ఆసరా అవుతుంది.

ఈ ఆలోచన చంటిపిల్లల ఇళ్లకు మాత్రమే పరిమితమైనదని కళాశాల విద్యార్థులు అనుకోవచ్చు. తెలుగునాట పదవ తరగతి దాటిన లక్షలాది పిల్లలు ఇంటిలో ప్రతిరోజూ వినే మాట ఒకటుంది: ‘నువ్వు చదువుకో చాలు, మిగతావి మేము చూసుకుంటాం.’ అందులో ప్రేమ ఉంది, త్యాగమూ ఉంది. వసతిగృహాలలో చదివేవారికి ఆ ‘మిగతావి’ కంటికి కూడా కనిపించవు. వండేవారు, ఊడ్చేవారు, బట్టలుతికేవారు ఎక్కడో ఉంటారు. ఆ రెండేళ్లలో మంచి ర్యాంకు రావచ్చు. కాని తన మీద ఆధారపడిన మరొక ప్రాణి ఏదీ లేకుండా గడచిన కాలం అది. మరో పదేళ్లకు వారిలో చాలామంది తల్లులు, తండ్రులు అవుతారు. వృద్ధులైన తల్లిదండ్రుల బాధ్యత వారి మీద పడుతుంది. ఒక్క కుండీకైనా వేళకు నీళ్లు పోయని చేతులకు ఆ పని ఒక్కరోజులో పట్టుబడదు. ‘మిగతావి’ అని తల్లిదండ్రులు తేలికగా అంటున్నది జీవితంలో ప్రధానభాగమని అప్పుడు తెలుస్తుంది.

పాత పెరళ్లు తిరిగి రావు. అందరూ పల్లెలకు మరలడమూ జరిగే పని కాదు. అయితే పిల్లలకు, పశువులకు, మొక్కలకు కలిపి ఒకే మాటను వాడిన పూర్వుల వివేకాన్ని నిలుపుకోవడానికి విశాలమైన పెరడు అవసరం లేదు. బియ్యం కడిగిన నీళ్లు నేటికీ ప్రతి ఇంటిలోనూ పోగవుతున్నాయి. గేదె లేదు కనుక అవి కాలువ పాలవుతున్నాయి. రేపు ఉదయం ఆ నీళ్లను బాల్కనీలోని కరివేపాకు మొక్క దగ్గరకు తీసుకుపోయే పనిని ఇంటిలో చిన్నవారికి అప్పగించవచ్చు. చిన్నవారు లేని ఇంటిలో ఆ పని పరీక్షలకు చదువుతున్న పెద్దపిల్లలదే. దానికి పట్టే సమయం రెండు నిమిషాలు.